కాయ కట్టిన వేళ్లు

ఆ ఎండాకాలం నా ఎడమచేతి వేళ్లు నాలుగూ కొసన పగిలి ఉండేవి. బావి దగ్గర చేదతాడు పట్టుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. యుద్ధం మూలంగా పట్నంలో మంచి ఫిడేలు తీగలు దొరకడం లేదు. దొరికినవి గరుకుగా, కొడవలి అంచులా ఉండేవి. మూడేళ్లుగా కట్టిన కాయలు ఆ కొత్త తీగలకు చీలిపోయాయి. నాకప్పుడు పదమూడేళ్లు. నొప్పి కంటే సిగ్గు ఎక్కువగా ఉండేది, ఇంకా నాకు నొప్పి పుడుతున్నందుకు.

"కాయ కట్టేదాక నొస్తది బిడ్డా. కట్టినంక నీ వేలు నీకే తెల్వది" అనేవాడు ఈశ్వరయ్య పంతులు. తన ఎడమచేయి చాపి చూపించేవాడు. కొసలు నల్లగా, చింతగింజల్లా మెరిసేవి. "ఇగో, ముప్పై ఏండ్ల కష్టం. ఏడాది సంది సూది గుచ్చినా తెలుస్తలేదు. ఇప్పుడు తయారైంది ఈ చెయ్యి."

ఆయన చేవెళ్లలో సన్నాయి వాయించే ఇంట్లో పుట్టాడు. పన్నెండేళ్లప్పుడు పట్నం పోయి ఒక పెద్ద విద్వాంసుడి ఇంట్లో నీళ్లు మోసి, గుడ్డలుతికి, గడప ఇవతల కూర్చుని ఫిడేలు నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు పాటగాళ్ల పక్కన వాయించాడు. పాడేవాళ్ల పేరు అందరికీ గుర్తుండేది, పక్కన కూర్చున్నవాడి పేరు ఎవరూ అడిగేవాళ్లు కాదు. భార్య పోయింది, పిల్లలు లేరు. పెళ్లిళ్ల కాలంలో పట్నంలో వాయించి, తక్కిన రోజులు చేవెళ్లలోనే ఉండి పాఠాలు చెప్పుకునేవాడు. ఆ ఏడు జ్యేష్ఠమాసంలో పట్నంలో ఒక ఇంటివాళ్లు మొదటిసారిగా ఆయనను ఒక్కడినే కూర్చోబెట్టి వాయించమని పిలిచారు. ఆ సంగతి మాకు నాలుగుసార్లు చెప్పాడు. ప్రతిసారీ కొత్తగా చెప్తున్నట్టే చెప్పాడు.

మా బాపు సాలోమోను మొయినాబాదులో మిషన్ వాళ్ల చిన్న దవాఖానలో కంపౌండరు. అక్కడుండే దొరసాని తన దేశం పోతూ, చర్చిలో వాయించమని తన ఫిడేలు బాపు చేతిలో పెట్టింది. బాపుకు వాయించడం రాదు. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ ఈశ్వరయ్య పంతులు చంకలో ఫిడేలు పెట్టె చూసి బాపు, "మా బిడ్డకు చెప్తరా? మా ఇంటికి వస్తరా?" అని అడిగాడు. రెండో ప్రశ్నలో ఏముందో ఇద్దరికీ తెలుసు. మొదటిరోజు అమ్మ దర్వాజ పక్క నుంచే, "చాయ తాగుతరా?" అంది. "తాగుత. బెల్లం జర ఎక్కువెయ్యిండ్రి" అన్నాడాయన. ఆ కబురు చేవెళ్ల చేరి ఇద్దరు శిష్యులు మానేశారు. ఆయన మానలేదు. అమ్మ ఆయన తాగిన గ్లాసును మా గ్లాసుల పక్కనే కడిగి బోర్లించింది.

మంగళవారం, శుక్రవారం వచ్చేవాడు. యుద్ధంలో పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గుల పొయ్యి కట్టిన బస్సు అది. కనకమామిడి దగ్గర ఆగిపోతే అక్కణ్ణుంచి నడిచి వచ్చేవాడు. అరుగు మీద చాప వేసుకుని, ఫిడేలు తలను మడమ మీద ఆనించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. నా వేలు తప్పుచోట పడితే తన వేలితో పట్టి జరిపేవాడు. ఆ జరిపిన చోటు నాకు రోజంతా గుర్తుండేది.

మా అవ్వ బీరమ్మకు మాత్రం ఈ వాద్యం మీద గురి కుదరలేదు. "ఇగ మొదలువెట్టిన్రు. పిల్లి తోక దర్వాజల వడ్డట్టు" అనేది, బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ.

"పిల్లి శ్రుతిలనే అరుస్తది అవ్వా. నీ మనుమరాలే వెంట్రుకంత తగ్గింది" అనేవాడు పంతులు.

"అయితే పిల్లికే నేర్పరాదు? దానికి పెండ్లి గూడ చెయ్యక్కరలేదు."

ఆ ఏడు ఆయన చేతిలోనే వెంట్రుకంత తగ్గుతూ వచ్చింది. పై స్వరాల్లో చిటికెన వేలు పడాల్సిన చోట శబ్దం జారేది. నాకు వినబడేది గాని, నా చెవిదే తప్పనుకునేదాన్ని. ఆయన చిరాకుగా తీగ బిగించి, "ఈ లడాయి తీగెలు ఇట్లనే ఏడుస్తయి" అనేవాడు. కొన్నాళ్లకు పై స్వరాలన్నీ చూపుడు వేలు, నడిమి వేలు జార్చుతూనే వాయించడం మొదలుపెట్టాడు. అదీ ఒక పద్ధతేనని, పెద్దవాళ్లు అట్లాగే వాయిస్తారని చెప్పాడు.

ఏప్రిల్ చివర్లో ఒక మంగళవారం అమ్మ చాయ తెచ్చింది. పొయ్యి మీద నుంచి దించింది దించినట్టే ఇత్తడి గ్లాసులో పోసింది. మామూలుగా ఆయన కండువా కొసతో పట్టుకునేవాడు. ఆరోజు పట్నం కచేరీలో ఏ రాగంతో మొదలుపెట్టాలో చెప్తూ చెప్తూ, ఎడమచేత్తో గ్లాసు అంచు పట్టి ఎత్తాడు. చివరి రెండు వేళ్లు గ్లాసుకు చుట్టుకుని ఉన్నాయి. చెప్తూనే ఉన్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అవ్వ చేట ఆపింది. ఆయన మాట పూర్తి చేసి, ఒక గుక్క తాగి, "అబ్బ, నాలుక కాలింది" అని గ్లాసు కింద పెట్టాడు.

ఆ వేళ్లను నేను ఎంత మెచ్చుకున్నానో చెప్పలేను.

పొద్దు గూకక ముందే మేం అన్నాలు తినేవాళ్లం. జొన్నరొట్టె తుంచుతూ బాపుతో గొప్పగా చెప్పాను. "పంతులు వేళ్లు ఎంత గట్టిపడ్డయో తెలుసా బాపూ? మసిలే చాయ గ్లాసు పట్టుకుంటే గూడ తెలుస్తలేదు. నావెప్పుడు అట్లయితయో."

బాపు చేతిలో రొట్టెముక్క పప్పులోకి వెళ్లేది ఆగింది.

"ఏ వేళ్లు?"

"ఇగో, ఈ రెండు." నా ఉంగరపు వేలు, చిటికెన వేలు చూపించాను.

బాపు నా చేయి దగ్గరకు లాక్కుని చూశాడు. చీలిన చోట వేలితో నొక్కాడు. నేను కెవ్వుమన్నాను. "ఆఁ, మంచిది" అన్నాడు. మళ్లీ రొట్టె ముట్టలేదు. అవ్వ బాపు మొహం వంకే చూస్తోంది. అమ్మ ఇంకో రొట్టె వేయబోతే చేయి అడ్డం పెట్టాడు.

శుక్రవారం బాపు దవాఖాన నుంచి తొందరగా వచ్చాడు. పెరట్లో కోడి ఈక ఒకటి ఏరి, నీళ్లతో కడిగి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పాఠం అయ్యేదాకా అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత, "పంతులూ, జర మీ ఎడమచెయ్యి చూపుండ్రి" అన్నాడు.

"ఎందుకు కంపౌండర్ సాబ్? జాతకం చెప్తరా?"

"చెప్పొచ్చు. కండ్లు మూసుకోండ్రి. నేను ఈకతోని ముడుత. ఏ వేలో చెప్పుండ్రి."

పంతులు నవ్వుతూ చేయి చాపి కళ్లు మూసుకున్నాడు. బాపు బొటనవేలు నుంచి మొదలుపెట్టాడు. ఈక కొస వేలికి తగిలీ తగలనట్టు తగిలించి తీసేవాడు.

"బొటనేలు." "సూపుడేలు." "నడిమేలు." "ఉంగరపేలు." "సిటికెనేలు."

వెనక్కి తిరిగి మళ్లీ చిటికెన వేలు నుంచి బొటనవేలు దాకా. ఒక్కటి తప్పలేదు. దర్వాజ దగ్గర నిలబడ్డ అమ్మ ఊపిరి వదలడం వినబడింది. బాపు మొహం కూడా తేటపడింది. ఆ పరీక్ష ఎందుకో నాకు తెలియదు. వేళ్లకు ఎంత కాయ కట్టిందో చూస్తున్నాడనుకున్నాను. అందుకే, నాకు కనబడింది చెప్పి శభాష్ అనిపించుకుందామని, గట్టిగా నవ్వేశాను.

"బాపూ, పంతులు తాళం వేస్తున్నడు! ఆ చెయ్యి చూడు!"

పంతులు కుడిచేయి మోకాలి మీద ఉంది. చూపుడువేలు సన్నగా లేచి పడుతోంది. బాపు ఒక్కో వేలికీ సరిగ్గా ఒక్కో దెబ్బ కాలం తీసుకుంటున్నాడు. మొదటి మూడు వేళ్లు తెలిస్తే చాలు, తక్కిన రెండూ ఎప్పుడు వస్తాయో తాళంలోనే ఉంది. మూడేళ్లు ఆయన ఎదుట కూర్చున్నదాన్ని కాబట్టి నాకది తెలిసింది. బాపుకు తెలిసే మార్గం లేదు.

బాపు నావంక చూశాడు. మళ్లీ బొటనవేలు ముట్టాడు, చూపుడు వేలు ముట్టాడు, నడిమి వేలు ముట్టాడు. అక్కడ ఈకను గాలిలో ఆపేశాడు.

"ఉంగరపేలు" అన్నాడు పంతులు.

బాపు కదల్లేదు.

"సిటికెనేలు."

అవ్వ చేట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంతులు కళ్లు తెరిచాడు. ఈక తన చేతికి జానెడు ఎత్తున ఉండడం చూశాడు. బాపు వంక కాదు, నావంక చూశాడు.

"తాళం మంచిగ పట్టినవ్ బిడ్డా" అన్నాడు. తర్వాత బాపుతో, "కావాలని చెయ్యలే సాబ్. చెయ్యి దానంతటదే లెక్క వెట్టుకున్నది" అన్నాడు.

బాపు ఆయన మోచేయి వెనక నరం ఒత్తి చూశాడు. తాడులా ఉబ్బి ఉందని తర్వాత అమ్మతో అన్నాడు. చొక్కా చేయి పైకి మడిస్తే భుజం కింద వెలిసిన రంగులో అరచేయంత మచ్చ ఉంది. అక్కడ గుండుసూది గుచ్చినా పంతులు ఉలకలేదు. ఏ రోగమో ఎవరూ నోటితో అనలేదు. నాకు మాత్రం అవ్వ సాయంత్రం చెవిలో చెప్పింది. పెద్దరోగం, అంటే కుష్టు.

"నేను సంతోషపడ్డ సాబ్" అన్నాడు పంతులు, చొక్కా చేయి కిందికి దించుకుంటూ. "ఏడాది కింద నొప్పి పోతే, ఇగ దేవుడు చాలన్నడు, నీ చెయ్యి తయారైంది అన్నడు అనుకున్న. చేవెళ్లల కొబ్బరికాయ గూడ కొట్టిన."

బాపు దూరాన రైలు మీద పోవలసిన ఒక మిషన్ దవాఖాన గురించి చెప్పాడు. అక్కడ ఈ రోగానికి నూనె సూదులు వేస్తారు. ఏడాదో, రెండేళ్లో అక్కడే ఉండాలి. జాబు రాస్తానన్నాడు. "ఇంకెవ్వరికీ చెప్పకుండ్రి. ఊరు ఊరుకోదు."

"ఈ బిడ్డకు అంటుకుంటదా?"

"ఒక్కపారి ముట్టుకుంటే అంటేది కాదు. ఏండ్లకు ఏండ్లు ఒక్కదగ్గర ఉంటె..." బాపు ఆగాడు. "నేను ఒట్టు వెట్టి చెప్పలేను."

లోపల అమ్మ గొంతు వినబడింది. అమ్మ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. "మూడేండ్లు నా బిడ్డ వేళ్లు పట్టి దిద్దిండు. రేపు దాని చెయ్యి అట్లయితే నేనేం చెయ్యాలె? ఇగ రావద్దని చెప్పు. ఆ ఫిడేలు గూడ ఎవరికన్న ఇచ్చెయ్యి. నాకొద్దు అది ఇంట్ల."

అరుగుకూ వంటింటికీ మధ్య ఒక గోడే. పంతులు లేచి తన చాప చుట్టాడు. పోతాడనుకున్నాను. అరుగు చివర, పశువుల కొట్టం పక్కన, నాకు పది అడుగుల దూరంలో మళ్లీ చాప పరిచాడు.

"సరోజమ్మా" అన్నాడు గోడ వైపు చూస్తూ, అమ్మతో. "జాబు వచ్చేదాక నేను ఈడ కూసుంట. బిడ్డను ముట్ట, దాని ఫిడేలు ముట్ట. వద్దంటే ఇప్పుడే పోత. చేవెళ్లల పిల్లలను, నాకు జ్వరమొచ్చిందని చెప్పి మానిపిస్త. ఇదొక్కతే సగంల ఉన్నది."

లోపల నుంచి వద్దన్న మాట రాలేదు. అందుకే ఆయన మంగళవారం వచ్చాడు.

పదిహేను రోజులకు జాబు వచ్చింది. మిరుగం నాటికి ఒక మంచం ఖాళీ అవుతుందని, రమ్మని. అంటే మృగశిర కార్తె దాకా, ఈకతో చూసిన రోజు నుంచి మొత్తం ఆరు వారాలు. పట్నం కచేరీ వాళ్లకు ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. ఆ సంగతి మాకు ఒక్కసారే చెప్పాడు.

ఆ ఆరు వారాల్లో కల్యాణి రాగంలో ఒక వర్ణం మొత్తం నాకు వచ్చేయాలని ఆయన పట్టు. మామూలుగా అయితే ఏడాది పని. వారానికి రెండు రోజులు కాదని రోజూ వచ్చాడు. కొట్టంలోంచి మనిషంత పొడుగున్న జొన్నదంటు ఒకటి ఏరుకున్నాడు. నా మోచేయి వాలిపోతే దాని కొసతో తట్టేవాడు. తట్టేటప్పుడు కూడా చూసుకుని రోజూ దంటు ఒకే కొస పట్టుకునేవాడు, తను నిన్న పట్టుకున్న కొస నాకు తగలకుండా.

వేలు తప్పుచోట పడితే మాత్రం దంటు పనికిరాదు. ఆయన అక్కణ్ణుంచే స్వరం పాడేవాడు.

"ఇంక పైకి. ఇంక జర. ఎక్కువైంది, దిగు. ఊఁహూఁ."

"యాడ పెట్టాల్నో చూపరాదా!" అని ఒకరోజు ఏడ్చాను.

"చూప. నా చెయ్యి లేదనుకో. చెవి వెట్టు."

"నాకు వినొస్తలేదు."

"వినొస్తది. నా సిటికెనేలు జారుతుంటే ఏడాది సంది నీకు వినొచ్చింది, అవునా కాదా?"

నేను బిత్తరపోయి చూశాను.

"నీ మొహంల చూసిన. నువ్వు విన్నవు గని నన్ను అనుమానపడలే, నిన్ను నువ్వు అనుమానపడ్డవు. ఇగ అట్ల చెయ్యకు."

ఆరోజు మధ్యాహ్నం ఎండ అరుగు మీదికి పాకేదాకా ఒక్క స్వరం కోసం వెతికాను. వేలు చీలి తీగ ఎర్రబడింది. దొరికినప్పుడు ఆయన "అగో" అనలేదు. పాడడం ఆపాడు, అంతే. ఆపడంతోనే నాకు తెలిసింది.

చాయ మాత్రం ఆగలేదు. కాని గ్లాసు మారింది. అమ్మ ఒక పాత సత్తుగ్లాసు తీసి కొట్టం గోడ గూట్లో పెట్టింది. పంతులు దాన్ని తనే తీసుకుని అరుగు అంచున పెట్టేవాడు. అమ్మ నిలబడే, ఎత్తు నుంచి చాయ పోసి వెనక్కి తిరిగి పోయేది. చాయ చుక్కలు చాప మీద చిందేవి. ఆయన కండువాతో తుడుచుకునేవాడు.

నాలుగైదు రోజులు చూసింది అవ్వ. ఒక పొద్దున అమ్మ రొట్టెలు కొడుతుంటే పక్కన కూర్చుంది.

"కోడలా, మనం కనకమామిడిల కూలికి పోయిన దినాలు యాదికున్నయా?"

"ఎందుకు లేదు?"

"దొర ఇంట్ల చూరుల చెక్కిన కొబ్బరిచిప్ప?"

అమ్మ చేయి ఆగింది.

"నేను తాగిన దాంట్ల. నీ మొగడు గింతున్నప్పుడు వాడు గూడ తాగిండు. పైకెల్లి పోసేటోళ్లు. సగం మెడ మీదికెల్లి కారేది."

"అది వేరు అత్తా. ఇది రోగం."

"వేరే. నేను కాదంటున్ననా? గ్లాసు వేరు వెట్టు, వద్దంటలేను. నాకూ ఆ పిల్ల ఒక్కతే మనుమరాలు." అవ్వ లేచి మోకాళ్లు సవరించుకుంది. "మీదికెల్లి పొయ్యకు, గంతే."

ఆ మధ్యాహ్నం అమ్మ పాత చీర అంచు చింపడం చూశాను. ఆ పట్టీని నాలుగు మడతలు పెట్టి గ్లాసు చుట్టూ చుట్టి, దారంతో కట్టింది. చాయ వంటింట్లోనే పోసి, తనే తీసుకొచ్చి, వంగి పంతులు ముందర పెట్టింది.

"కాలుతున్నది పంతులూ. గుడ్డ మీదనే పట్టుకోండ్రి. ఇప్పుడే ముట్టకుండ్రి."

ఆయన గ్లాసు వంక చూశాడు. తర్వాత అమ్మ వంక చూశాడు. "బాగ కాలుతున్నదా?"

"బాగ కాలుతున్నది."

"అట్లనా" అన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ స్తంభం పక్కనే నిలబడింది. కాసేపటికి, "ఇగ పట్టుకోండ్రి" అంది. అప్పుడు పట్టుకున్నాడు. అమ్మ ఇంకా ఆయనను చూసి భయపడేది. పాఠం అవుతూనే నన్ను బావి దగ్గరకు లాక్కుపోయి సబ్బుతో మోచేతుల దాకా కడిగేది. కాని రోజూ ఆ స్తంభం పక్కన నిలబడి, చాయ ఎప్పుడు పట్టుకోవాలో ఆయనకు చెప్పేది.

మిరుగం ముందురోజు ఆయన చేతిసంచి, ఫిడేలు పెట్టె తీసుకుని వచ్చాడు. ఆకాశం ఎంకపల్లి వైపు నల్లబడి ఉంది. దుమ్ము లేస్తోంది. నేను వర్ణం మొదటి నుంచి చివరిదాకా వాయించాను. రెండుచోట్ల తప్పాను. ఆయన వేలెత్తి ఆ రెండూ చూపాడు, తిట్టలేదు. బస్సుకు ఇంకా గంట ఉంది. తన పెట్టె తెరిచాడు.

"పట్నపోళ్లకు బాకీ వడ్డ కచేరీ ఒకటున్నది. మీకు తీరుబాటున్నదా?"

బాపు మెట్టు మీద, అమ్మ స్తంభం దగ్గర, అవ్వ గడపలో. అంతే ఆ కచేరీకి వచ్చినవాళ్లు. ఆయన చూపుడు వేలు, నడిమి వేలు, ఆ రెంటితోనే వాయించాడు. చివరి రెండు వేళ్లు పక్కకు ముడుచుకుని ఉన్నాయి. ఒక వేలి పనిని ఇంకో వేలు జారి అందుకుంటుంటే స్వరానికీ స్వరానికీ మధ్య సందు లేకుండా పోయింది. నేను తప్పు కోసం చెవి పెట్టి విన్నాను, ఆయన నేర్పినట్టే. దొరకలేదు. ఎవరి వెనకా నడవక్కరలేదు గనుక ఒక్కోచోట ఆయన ఇష్టం వచ్చినంతసేపు ఆగాడు. గాలికి కొట్టం తడక కొట్టుకుంటూనే ఉంది.

అయిపోయాక అవ్వ అంది, "పిల్లి అసుంటిది కాదు పంతులూ ఇది."

"అవ్వ మెచ్చింది. ఇగ పోవచ్చు" అని ఆయన నవ్వాడు.

లేచాడు. నేను ఎప్పటిలా కాళ్లకు దండం పెట్టబోతే రెండడుగులు వెనక్కి జరిగాడు. "అక్కడ్నించే" అన్నాడు. నేను అరుగు మీదే వంగి నేలకు మొక్కాను.

"నేను ముట్టింది ఏదీ నీకు ఇయ్యలేను బిడ్డా. ముట్టకుండ ఇచ్చేటిది ఇదొక్కటే ఉండె. ఇచ్చిన."

బాపు ఆయన ఫిడేలు పెట్టె తన చేతిలోకి తీసుకున్నాడు. పంతులు వద్దంటున్నా వినలేదు. ఇద్దరూ రోడ్డు దాకా దూరందూరంగా నడిచారు. బస్సు బొగ్గుపొగ కనబడి, మళ్లీ మాయమైంది.

ఆయన తిరిగి రాలేదు. ఆరేళ్లపాటు క్రిస్మసుకు దవాఖాన నుంచి ఒక కార్డు వచ్చేది, ఎవరో రాసిపెట్టినది. కొత్తగా వచ్చిన మాత్రలతో రోగం ఆగిందని, పోయిన స్పర్శ పోయిందేనని ఒకసారి రాయించాడు. అక్కడ ఎనిమిదిమందికి పాట నేర్పుతున్నానని, ముందు కూర్చునేవాళ్లెవరూ లేరు గనుక తననే ముందు కూర్చోబెడుతున్నారని ఇంకోసారి. ఏడో ఏడు కార్డు రాలేదు. కార్డు వచ్చినా రాకపోయినా, నా పెళ్లయ్యేదాకా ప్రతి మిరుగానికీ బాపు పెరట్లో ఈక ఏరేవాడు.

మొదటిసారి ఏరింది ఆయన వెళ్లిన మర్నాడు సాయంత్రం. అప్పుడే తొలకరి పడి వెలిసింది. అరుగు తడిగా ఉంది. అమ్మ మా ఫిడేలును అప్పటికే పాత దుప్పట్లో మూటగట్టి అటక మీద పెట్టింది. బాపు నన్ను మెట్టు మీద కూర్చోబెట్టాడు.

"కండ్లు మూసుకో."

మూసుకున్నాను. ఎడమచేయి చాపాను. కుడిచేయి మోకాలి మీద కదలకుండా పిడికిలి బిగించాను.

"బొటనేలు" అన్నాను. "సూపుడేలు." "మల్ల సూపుడేలు." బాపు వరస తప్పించాడు. కాలం కూడా తప్పించాడు, ఒకసారి వెంటనే, ఒకసారి ఆగి. "సిటికెనేలు." "నడిమేలు." "ఉంగరపేలు."

తర్వాత ఏమీ తగల్లేదు. చూరు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. టప్, టప్ అని వాటిదొక తాళం. ఏదో ఒక వేలు పేరు చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్పకపోతే తప్పేమో, ఈక తగిలి ఉండి నాకే తెలియలేదేమో అనిపించింది.

నిన్ను నువ్వు అనుమానపడకు అన్నాడాయన.

"లేదు బాపూ" అన్నాను. "ముట్టలేదు నువ్వు."

కళ్లు తెరిచాను. ఈక బాపు ఒళ్లో ఉంది. బాపు రెండు చేతులతో మొహం తుడుచుకుంటున్నాడు. దర్వాజ పట్టుకుని నిలబడ్డ అమ్మ అట్లాగే గడప మీద కూలబడింది. ఆ తర్వాత లేచి లోపలికి పోయింది. అటక కింద పీట జరిపిన చప్పుడైంది.

మూట తెచ్చి నా ఎదుట పెట్టి, తనే విప్పింది.

"ఆయన చెప్పింది మరిచిపోకముందే కూసో" అంది.

నేను ఫిడేలు తలను మడమ మీద ఆనించుకుని కూర్చున్నాను. ఆయన చివరిసారి చాప పరిచిన చోటు దాకా అరుగు మొత్తం ఖాళీగా ఉంది. వర్ణం మొదలుపెట్టాను. చిటికెన వేలు తీగ మీద పడేసరికి చీలిన చోట భగ్గుమంది. ఆగిపోయాను.

అమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది.

"నొస్తున్నదా?" అంది.

"నొస్తున్నది."

"వాయించు" అంది అమ్మ.